దగ్ఫల్ గొంతు

ఖాళీ పళ్ళెం పంపిస్తారా ఎవరైనా, యాసీనన్నా? అదీ రంజాన్ నెలలో?

నేను కొట్లాటకి రాలేదు, ముందే చెప్తున్నా. కానీ అడక్కుండా ఉండలేను. మొన్న మా ముఫీదా ఇఫ్తార్‌కి ముందు మీ ఇంటికి మాంసం కిబ్బె ఉండలు పంపిందా? మర్నాటికి పళ్ళెం తిరిగొచ్చింది. శుభ్రంగా తోమి, తుడిచి... ఖాళీగా! నాలుగు ఖర్జూరాలు పడేసినా, గుప్పెడు ఉప్పు పోసినా ఊరుకునేది మా ఆవిడ. మన సందులో ఈ గోడకీ ఆ గోడకీ మధ్య పళ్ళెం ఎప్పుడైనా ఉత్తదిగా నడిచిందా అన్నా? మా అమ్మ పోయిన ఏడు, మా ఇంట్లో పొయ్యి వెలగని రోజుల్లో కూడా, వదిన మా పళ్ళేల్ని నింపే పంపింది.

ముఫీదా ఆ పళ్ళెం పట్టుకుని వంటింట్లో అలాగే నిలబడిపోయింది. నా వంక చూసింది, అంతే. తిట్టినా బాగుండేది.

అందుకే మళ్ళీ నేనే తెచ్చా. మాంసం కూరిన వంకాయలు. నీకిష్టం కదా. ఇదిగో, ఇక్కడ గట్టు మీద పెడుతున్నా.

నువ్వు పని ఆపకు. జల్లెడ అల్లిక సగంలో వదిలేస్తే తోలుతాడు బిగువు పోతుందని నాకు తెలుసు. నేనీ పీట మీద కూర్చుంటా. కూర్చోమన్నావనే అనుకుంటున్నా.

ఆ సంచీనా? ఏం లేదులే, షూటింగ్ బట్టలు. ఇట్నుంచి ఇటే పోవాలి. సీరియల్ చివరి భాగం ఇంకా తియ్యలేదంటే నమ్ముతావా? పండగ ముంచుకొస్తోంది. మా పని ప్రతి ఏడూ ఇంతే. రాసేవాడు ఒక పక్క రాస్తుంటాడు, మేం ఒక పక్క తీస్తుంటాం, ఇళ్ళల్లో ఒక పక్క చూస్తుంటారు. ఇవాళ సాయంత్రం వచ్చే భాగం టేపు పట్టుకుని కారు టీవీ స్టేషన్‌కి పరిగెడుతుంటే, డమాస్కస్ అంతా శనగలు నానబెట్టుకుని ఎదురుచూస్తుంటుంది. దేశమంతా ఆ గంటసేపు ఒక్క డబ్బా ముందే కూర్చుంటుంది.

నువ్వు తప్ప. నువ్వు చూడట్లేదని విన్నా. ఎన్ని భాగాలు చూసి ఆపావు? ఒకటేనా?

సరే, చెప్పకు.

డోలు గోడకి తగిలించేశావు. అదీ ముఖం గోడవైపుకి తిప్పి! తెల్లారకముందు డోలు కొట్టి అందర్నీ లేపడానికి నువ్వు రాక వారం అయింది. మొదటి రోజు మన సందులో ఎవ్వడూ లేవలేదు తెలుసా? సహరీ తినకుండానే అందరూ ఉపవాసం. మధ్యాహ్నానికి నాకు కళ్ళు తిరిగాయి, షూటింగ్‌లో గుర్రం మీంచి పడబోయాను. మర్నాటి నుంచి గడియారాలు పెట్టుకుంటున్నారు. మా ఇంట్లోనూ పెట్టాం. మోగుతుంది, లేస్తాం, తింటాం. కానీ అదేమన్నా పేరు పెట్టి పిలుస్తుందా?

నామీద కోపంతో మానేశావా అన్నా? నామీద కోపం ఉంటే నా గుమ్మం ఒక్కటీ వదిలేసి పోవచ్చుగా. సందంతా ఏం చేసింది?

...అవును. సందు కూడా చేసింది. నాకు తెలుసు. ముఫీదా చెప్పింది.

ముందు నా మాట విను. ఈ సీరియల్లో దగ్ఫల్ వేషం నేను ఎలా చేశానో నీకు చెప్పాలి. ఊళ్ళో ఎవడెవడికో చెప్పాను, పేపరువాళ్ళకి చెప్పాను, అన్నీ అబద్ధాలు. నీకే చెప్పలేదు.

"ఉప్పుకోట" కథ మొదట నా చేతికొచ్చినప్పుడు, అందులో దగ్ఫల్ అందరి లాంటి దుర్మార్గుడే. ఒక కంటికి నల్ల పట్టీ. తోడేలు చర్మం. నోరు తెరిస్తే అరుపు. కోటబురుజు మీద నిలబడి పగలబడి నవ్వడం. అలాంటి వేషాలు నేను వేయలేదు గానీ, ముప్ఫై ఏళ్ళపాటు వాటి వెనకాల ఈటె పట్టుకుని నిలబడ్డాను. నువ్వే కదా ఎగతాళి చేసేవాడివి, "హిక్మత్ ఇవాళ కూడా తలుపు బాగా కాశాడు" అని! ఈ వేషం వేయాల్సిన పెద్ద నటుడు జబ్బు చేసి తప్పుకుంటే, డైరెక్టర్ సుహైల్ చుట్టూ చూశాడు, ఆ కోటు ఎవడికి సరిపోతుందా అని. నాకు సరిపోయింది. నా పొడుగు వల్ల వచ్చింది వేషం, నా గొప్పతనం వల్ల కాదు.

మొదటి రోజు అరిచాను. అందరూ అరిచినట్టే. సుహైల్ ఆవలించాడు. నిజంగా, నా ముఖం మీదే! "నీకంటే మా అత్తగారు నయం, ఆవిడంటే నాకు భయమేస్తుంది" అన్నాడు. అందరూ నవ్వారు. ఈ వేషం పోతే ఇంక మళ్ళీ రాదు. యాభై దాటాక ఎవడిస్తాడు?

అప్పుడు నోట్లోంచి వచ్చేసింది. "వాడు అరవకూడదు" అన్నా. "మెత్తగా పిలవాలి. తెల్లారకముందు ఒక్కడే నడుచుకుంటూ వస్తాడు. ఎడమవైపుకి కొంచెం ఒరిగి నడుస్తాడు. గోడ మీద మూడు దెబ్బలు కొడతాడు. పేరు పెట్టి పిలుస్తాడు. పసిబిడ్డని లేపినట్టు, ప్రేమగా. పేరు చివర కొంచెం సాగదీస్తాడు. ఆ పేరుగలవాడు సూర్యుణ్ణి చూడడు."

చేసి చూపించాను. లైట్లు పట్టుకునేవాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. సుహైల్ వచ్చి నా రెండు చెంపలూ ముద్దుపెట్టుకుని, "ఎక్కడ దొరికాడయ్యా వీడు నీకు?" అన్నాడు.

"కలలో" అన్నాను.

కలలో! నీ భుజం కనపడలేదా నాకు? ఎడమ భుజానికి డోలు వేలాడి వేలాడి ఒరిగిపోయిన భుజం? నువ్వు డోలు లేకుండా కొట్టుకెళ్ళినా అలాగే ఒరిగి నడుస్తావు, మన సందులో పిల్లాడికి కూడా తెలుసు. నాకు తెలీదా?

ఒట్టు, ఆ క్షణాన నువ్వని అనుకోలేదు. తర్వాత రెండో రోజు అద్దంలో చూసుకున్నప్పుడు తెలిసింది. మేకప్ వేస్తున్నారు. పెదాలు కదిపి చూసుకున్నాను. నువ్వు కనపడ్డావు. ఆపొచ్చు. అప్పటికి ఒక్క రోజుదే తీశారు. ఆపాలంటే ఆపొచ్చు.

ఆపలేదు.

నీకు అర్థం కాని సంగతి ఒకటుంది. ఆ మెత్తని పిలుపుకి జనం ఎందుకంత వణికిపోతున్నారు? పేపర్లో పెద్దపెద్ద మాటలు రాశారు, క్రౌర్యానికి కొత్త ముఖం అనీ అదనీ ఇదనీ. వాళ్ళకేం తెలుసు? నాకు తెలుసు. నీకూ తెలిసే ఉండాలి, మీ నాన్న పక్కన నడిచావుగా ఆ రాత్రి.

మా నాన్న పోయిన ఏడు. రంజాన్‌కి నెల ముందు పోయాడు. నాకు ఏడేళ్ళు. మీ నాన్న డోలు వినపడుతోంది. పక్కింటి వాళ్ళని పిలిచాడు. తర్వాత మా ఇల్లు. నేను దుప్పట్లో కళ్ళు మూసుకుని మా నాన్న పేరు కోసం చూస్తున్నా. పిలిస్తే నాన్న లేస్తాడేమో అని. పిల్లాణ్ణి కదా. మూడు దెబ్బలు పడ్డాయి. ఆ పేరు రాలేదు. "హిక్మత్... ఓ హిక్మత్... లే నాయనా, దేవుణ్ణి తలుచుకో" అన్నాడు. నన్ను! ఏడేళ్ళవాణ్ణి! ఇంటికి నువ్వే పెద్దవన్నట్టు.

ఎంత ప్రేమగా పిలిచాడన్నా. ఎంత భయమేసిందో నాకు! మా నాన్న చచ్చిపోయాడని నాకు తెలిసింది అప్పుడే. పాతిపెట్టినప్పుడు కాదు. ఆ పిలుపప్పుడు.

అదే తీసుకెళ్ళి దగ్ఫల్ నోట్లో పెట్టాను. మీ నాన్న నాకిచ్చింది. నువ్వు ఇన్నేళ్ళుగా మోస్తున్నది. ఆ ప్రేమంతా ఊడబెరికి, భయం ఒక్కటీ ఉంచుకున్నాను. గొప్ప నటన అన్నారు.

ఇంకా విను. స్టూడియో బయట పిల్లలు గుంపుకడతారు. "దగ్ఫల్ మామా, నన్ను పిలువు, నన్ను పిలువు" అని! నేను గోడ మీద మూడు దెబ్బలు కొట్టి ఒక్కొక్కడి పేరూ పిలుస్తా. కిలకిలా నవ్వుతారు. తల్లులు కూడా నవ్వుతారు. చాక్లెట్లు ఇస్తారు నాకు, నేను ఉపవాసమన్నా జేబులో కుక్కుతారు.

నేను పిలిస్తే నవ్వుతారు. నువ్వు పిలిస్తే ఏడుస్తారు. ఇదేం న్యాయం? నన్నే అడుగుతున్నా, నిన్ను కాదు.

ఆ కుర్రవెధవలు నీ వెనకాల పడి "దగ్ఫల్ వచ్చాడు, దీపాలార్పండి" అని అరిచారట. అరవనీ, వాళ్ళకి మీసాలు కూడా రాలేదు. నువ్వు వాళ్ళకి మానేసేవాడివి కాదు. మీ నాన్న కాలంలో కర్ఫ్యూ పెడితేనే మానలేదు మీరు.

నిన్ను ఆపింది రొట్టెల కొట్టువాళ్ళ కోడలు. కాదూ?

ముఫీదా కిటికీలోంచి చూసిందట. ఆ పిల్లకి పెళ్ళయిన ఎన్నాళ్ళకో పుట్టిన బిడ్డ. ఇదే మొదటి రంజాన్. నువ్వు ప్రతి ఏడూ కొత్తగా పుట్టినవాళ్ళ పేరు వరసలో కలుపుతావు, వాళ్ళు గుమ్మంలో మిఠాయి పళ్ళెంతో నిలబడతారు. ఎంత ఎదురుచూస్తారు దానికి! మన సందులో పుట్టాడని మనిషికి గుర్తింపు అదే కదా. నువ్వు డోలెత్తావు. ఆ పిల్ల కిటికీ తెరిచి, చేతులు జోడించి, "వద్దు మామా, నీకు దణ్ణం పెడతా, నా బిడ్డ పేరు నీ నోటితో అనకు" అందట.

నువ్వు డోలు దింపి, డోలు కొట్టే తోలుపట్టీ జేబులో పెట్టుకుని, ఇంక ఏ ఇంటినీ పిలవకుండా వెనక్కి వచ్చేశావట. సగం సందు అలాగే ఉండిపోయిందట.

ముఫీదా చెప్తుంటే నేను చెవులు మూసుకున్నా. ఆవిడ నా చేతులు లాగి మరీ చెప్పింది.

పండగ పొద్దున్న డోలేసుకుని గుమ్మం గుమ్మం తిరుగుతావు కదా. పాతికేళ్ళుగా తలుపులు తెరిచి ఉంచుతారు నీకోసం. ఈసారి ఎవరు తెరుస్తారు? తెరిచినా, పిల్లల్ని లోపలికి లాక్కుని, ఆ చేత్తోనే పండగ మిఠాయి మామూల్ నీ చేతిలో పెడితే... ఆ మాట తలుచుకుంటే నాకు ముద్ద దిగట్లేదు. నిజంగా. మొన్న నోటిదాకా వచ్చిన గ్లాసు కింద పెట్టేశా.

పేపరువాళ్ళు అడిగారు, "ఈ పాత్ర ఎక్కడిది" అని. "నా ఊహ" అన్నా. నీ పేరు చెప్తే నిన్నింకా అల్లరి పెట్టినట్టవుతుందని చెప్పలేదు...

కాదులే. ఎందుకు అబద్ధం? ఊహ అంటే నాకు పేరొస్తుంది. అందుకే.

చివరికి వాడెలా చస్తాడో చెప్పనా? ఎవరికీ చెప్పొద్దన్నారు. నువ్వు ఎలాగూ ఎవరితోనూ మాట్లాడట్లేదు. కత్తితో కాదు. వాడికి దగ్ఫల్ అన్నది వాడే పెట్టుకున్న పేరు. ఒక తెల్లవారుజామున వాడు పేర్లు పిలవడానికి బయల్దేరతాడు. గోడ అవతల నుంచి మూడు దెబ్బలు. ఎవరో పిలుస్తారు, తల్లి పెట్టిన పేరుతో. ఆ పేరు వినగానే వాడు కూలబడిపోతాడు. పిల్లాడిలా ఏడుస్తూ పోతాడు. నేనే ఇచ్చాను ఆ ఆలోచన. రాసేవాడు ఎగిరి గంతేశాడు.

ఏం పేరని చూస్తున్నావా? అదా... ఇంకా రాస్తున్నార్లే.

అన్నా. ఇప్పుడు నేనొచ్చిన పని చెప్తా. పండగకి ముందు ఒకళ్ళనొకళ్ళం క్షమించుకోవాలి కదా. మనసులో కసి పెట్టుకున్న ఉపవాసం పైకి చేరదంటారు. నన్ను నోటితో క్షమించానని అనొద్దు. అది నీకు కష్టం, నాకు తెలుసు. ఒక్కటి చెయ్యి. ఆ డోలు దించు. మూడు దెబ్బలు కొట్టు. మీ నాన్న పిలిచినట్టు నా పేరు పిలువు. ఒక్కసారే. "హిక్మత్... ఓ హిక్మత్" అని. అంతే. నాకు అర్థమవుతుంది.

డోలు వద్దా? సరే, డోలు వద్దు. ఉత్త గొంతుతో. ఆ జల్లెడ మీద వేళ్ళతో కొట్టినా చాలు.

ఏం, నేను మన సందులోవాణ్ణి కానా? వారం నుంచి నన్నెవరూ పిలవలేదన్నా. ఊరంతా దగ్ఫల్ అంటున్నారు. కూరగాయలవాడు దగ్ఫల్ అంటాడు, పోలీసువాడు దగ్ఫల్ అంటాడు. నా పేరు నీ నోట వినాలని ఉంది. తప్పా?

ఇటు చూడు. తాడు లాగడం ఒక్క నిమిషం ఆపి ఇటు చూడు. వయసులో చిన్నవాణ్ణి, నీ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటా. మీ నాన్న మీద ఒట్టేసి అడుగుతున్నా, ఒక్కసారి...

...

అదా? ఏదో చప్పుడులే. సంచీలోంచి కాదు, బయట ఏదో...

సంచీలోంచే.

చూడకు అలా.

టేపు అయిపోయింది. ఒక వైపు అయిపోతే మీట దానంతటదే పైకి లేస్తుంది, టక్‌మని. వెధవ రికార్డరు. సుహైల్‌ది.

షూటింగ్ బట్టలు కావన్నా. నేను పీట మీద కూర్చునే ముందే మీట నొక్కాను.

ఆ చివరి పిలుపు నేను పిలిస్తే బాగా లేదన్నాడు సుహైల్. "నీ గొంతులో దగ్ఫలే వినపడుతున్నాడు. ప్రేమ వినపడాలి. నువ్వు ఎవర్ని చూసి నేర్చావో వాళ్ళని పట్టుకురా, కలలో అన్నది నేను నమ్మలేదు" అన్నాడు. నువ్వు రావని నాకు తెలుసు. అందుకని, నేనే టేపు తెస్తానన్నా.

దగ్ఫల్‌కి తల్లి పెట్టిన పేరు హిక్మత్. నేనే పెట్టించాను. మొన్న. నువ్వు నా పేరు పిలిస్తే అది సరిగ్గా అక్కడ అతుకుతుందని. క్షమించమని అడిగితే నువ్వు కాదనలేవనుకున్నా. దారి పొడుగునా ఇదంతా మనసులో చెప్పుకుంటూ వచ్చా, ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ మీ నాన్న మాట తేవాలో.

కానీ అబద్ధం కాదన్నా! మా నాన్న సంగతి అబద్ధం కాదు. ముద్ద దిగట్లేదన్నది అబద్ధం కాదు. నువ్వు పిలిస్తే నిజంగానే ఏడ్చేవాణ్ణి. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, టేపు తీసుకెళ్ళి సుహైల్‌కి ఇచ్చేవాణ్ణి. రెండూ నేనే. ఇందులో ఏది క్షమాపణో ఏది వేషమో నాకే తెలీడం లేదు. ఇంతకంటే ఏం చెప్పను?

నీకు ముందే తెలుసా? సంచీ వంక చూశావు వచ్చీ రాగానే. అందుకేనా ఒక్క పలుకు పలకలేదు?

ఇదిగో, తీసేస్తున్నా. చూడు, నీ ముందే తీస్తున్నా. నీ దగ్గరే ఉంచుకో ఈ టేపు. ఇందులో నీ మాట ఒక్కటీ లేదు. తాడు లాగిన చప్పుడు ఉంటుంది, మిగతాదంతా నేనే. కావాలంటే సందు మధ్యలో పెట్టి అందరికీ వినిపించు.

వద్దా? గట్టు మీద పెడుతున్నా. వంకాయల పక్కన.

లేస్తున్నావా? ఇఫ్తార్ ఫిరంగి పేలే వేళయింది, అవును. వదిన లోపల గిన్నెలు సర్దుతోంది. నన్నుండమనవు, నేనూ ఉండను. మాటవరసకైనా ఉండమనకు.

పళ్ళెం... ఈసారి కూడా ఖాళీగా పంపినా ఏమీ అనుకోను. పంపించు చాలు.

సుహైల్‌కేం చెప్తానంటావా? ఏముంది, గోడ అవతల నిలబడి నేనే పిలుచుకుంటా. దగ్ఫల్ వినపడకుండా, అచ్చం నీలాగే పిలవాలి, అంతేగా. ఇవాళ నిన్ను బతిమాలుతుంటే ఎలా పిలవాలో తెలిసింది. పిలుస్తా. వచ్చు నాకు.

నువ్వు మానేశావుగా. ఇప్పుడది నాకొక్కడికే వచ్చు.